కేక ఆగిన వీధి

నెల్లిమర్ల శివార్లలోని ఆ డిగ్రీ కాలేజీలో సోషియాలజీ తీసుకునేవాళ్ళు రెండు రకాలు. కంప్యూటర్స్‌లో సీటు దొరకనివాళ్ళు ఒక రకం, దొరికినా భయపడినవాళ్ళు రెండో రకం. ఇష్టపడి వచ్చే మూడో రకం ఒకటి ఉంటుందని కుసుమకుమారి ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఎదురు చూస్తోంది. ఇంకా రాలేదు. రాకపోయినా ఫరవాలేదనుకుంటుంది. తనూ ఒకప్పుడు మొదటి రకమే.

ఆమె తండ్రి జూట్ మిల్లులో పని చేసేవాడు. షిఫ్టు దిగి ఇంటికొచ్చే మనిషి జుట్టులో, కనుబొమల్లో నార పీచు ఉండేది. యూనివర్సిటీలో ఎమ్మే చదువుతున్నప్పుడు ఆమె ఒక పుస్తకంలో 'పరాయీకరణ' అనే మాట చదివింది. యంత్రం దగ్గర పనిచేసే మనిషి తనకు తానే పరాయివాడైపోతాడట. సెలవులకి ఇంటికొచ్చి తండ్రిని పరిశీలించింది. ఆయన అరుగు మీద నలుగురితో పేకాడుతూ, ఓడిపోయినవాణ్ణి వెక్కిరిస్తూ పకపకా నవ్వుతున్నాడు. పరాయీకరణ ఎక్కడా కనబడలేదు. పుస్తకం అబద్ధమనుకుంది. తర్వాత ఒక ఆదివారం, సెలవునాడు, రోజూ సైరన్ మోగే వేళకి ఆయన నిద్రలోంచి ఉలిక్కిపడి లేచాడు. చొక్కా తొడుక్కున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఎక్కడికెళ్ళాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు. అప్పుడు కనబడింది.

ఆ మాట చదవకపోతే గుమ్మంలో నిలబడ్డ మనిషి ఆమెకు కనబడేవాడు కాదు. ఆ మనిషి లేకపోతే ఆ మాట పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా మిగిలిపోయేది. కుసుమకుమారి పాఠం చెప్పే పద్ధతంతా ఆ గుమ్మంలోంచి వచ్చిందే.

పద్ధతి అంటే పెద్ద మాట. ఉద్యోగంలో చేరిన కొత్తలో "కుటుంబం అంటే ఏమిటి?" అని అడిగితే క్లాసు క్లాసంతా నిర్వచనాన్ని ఒక్క గొంతుతో అప్పజెప్పింది. "మీ ఇంట్లో ముందు ఎవరు తింటారు?" అని అడిగితే ఒక్కరూ నోరు మెదపలేదు. మర్నాడు ఆమె పాఠ్యపుస్తకాన్ని బల్ల సొరుగులో పెట్టి, ఒక పాత నవలలో తోడికోడళ్ళు పొయ్యిలు వేరు చేసుకునే అధ్యాయం పైకి చదివింది. ఏడాదిగా పుస్తకం తెరవని కుర్రాళ్ళు కూడా చిన్నకోడలిది తప్పా పెద్దకోడలిది తప్పా అని బెంచీల మీద నుంచి లేచి మరీ పోట్లాడుకున్నారు. పోట్లాట బాగా ముదిరాక ఆమె బోర్డు మీద 'ఉమ్మడి కుటుంబం' అని రాసింది. నిర్వచనం ఆ రోజు ఎవరూ బట్టీ పట్టలేదు, అయినా అందరికీ వచ్చింది.

పక్క గదిలో ఎకనామిక్స్ చెప్పే హరిబాబు మాస్టారు స్టాఫ్‌రూములో రోజూ అడిగేవాడు: "ఏటి మేడమ్, ఈ రోజు సీరియల్ ఎక్కడిదాకా వచ్చింది?"

"మీ డిమాండ్ రేఖ కంటే ముందుకే వెళ్ళింది సార్."

నవలలు బాగా నడిచాయి. చిక్కు వచ్చింది సొంత కథలతో. నవల చదవడమే కాదు, ఎవరింటి సంగతి వాళ్ళు రాసి తెమ్మని ఆమె అడగడం మొదలుపెట్టింది. మొదటి ఏడాది వచ్చిన కాగితాలు చదివి భయపడింది. రెండో ఏడాది అనుమానపడింది. అందరి తండ్రులూ తాగుబోతులే, అందరి తల్లులూ కళ్ళొత్తుకునేవాళ్ళే. వినోద్ అనే కుర్రాడు తమ ఇంట్లో పొయ్యి వెలగని రాత్రుల గురించి నాలుగు పేజీలు రాశాడు. వాళ్ళ నాన్నకి రైసుమిల్లు ఉంది.

"ఇదేమిట్రా?" అని అడిగితే వాడు ఏ మాత్రం సిగ్గుపడలేదు.

"మీకు ఇలాటియ్యే నచ్చుతాయి కదా మేడమ్."

వాడన్నది నిజమే. పేదరికం కనబడితే ఆమె చేతిలోని ఎర్రపెన్ను మెత్తబడిపోతుందని సీనియర్లు జూనియర్లకి చెప్పి వెళ్ళారు. దుఃఖాన్ని గౌరవించడం వేరు, దుఃఖానికి మార్కులు పంచడం వేరు. మర్నాడు ఆమె బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది: 'కన్నీళ్ళకి మార్కుల్లేవు. జరిగింది రాయండి.' దాని కింద ఇంకో రెండు ముక్కలు చేర్చింది. రాసినవాళ్ళు ఒప్పుకుంటేనే క్లాసులో చదువుతాను, చదివేటప్పుడు పేర్లూ ఊర్లూ మారుస్తాను.

ఆ ఏడు అనూరాధ తెచ్చిన కాగితంలో కన్నీళ్ళు లేవు.

అనూరాధది సముద్రం ఒడ్డున దిబ్బలపాలెం. తండ్రి వేటకెళ్తాడు. తల్లి కూర్మమ్మ ఎండుచేపల గంప పట్టుకుని లోపలి ఊళ్ళకి అమ్మకానికి వస్తుంది. అనూరాధ వెనక బెంచీలో కూర్చుని, అడిగితే తప్ప మాట్లాడని పిల్ల. ఆ పిల్ల ఇలా రాసింది:

'ఆ ఊరి మొదట్లో అమ్మ ఆటో దిగి కేక వేస్తుంది. ఎండు నెత్తళ్ళో, కవ్వళ్ళో అని. ఆ కేక ఊరవతలకి కూడా వినబడుతుంది. బోరింగు దగ్గరికి రాగానే ఆపేస్తుంది. గంప నెత్తిన పెట్టుకుని ఆ వీధి వీధంతా నోరు మూసుకుని నడుస్తుంది. పాలకేంద్రం మలుపు తిరిగాక మళ్ళీ కేక వేస్తుంది. చిన్నప్పుడు సెలవుల్లో అమ్మతో వెళ్ళినప్పుడు అడిగాను, అక్కడెందుకు ఆపేస్తావని. గొంతు ఆరిపోతుంది అంది. ప్రతిసారీ ఆ వీధిలోనే ఆరిపోతుందా అని అడిగాను. నన్ను తిట్టింది.'

ఆ వీధిలో కూర్మమ్మకి నేస్తం ఉంది. అక్కడ నేస్తం అంటే ఊరికే స్నేహితురాలు కాదు. నేస్తం కడతారు. అమ్మవారి పండుగలో నలుగురి ముందూ ఒకరికొకరు పసుపు రాసుకుని, కొత్త చీరలు మార్చుకుంటారు. ఆ తర్వాత ఒకరినొకరు చచ్చినా పేరు పెట్టి పిలవరు. 'నేస్తం' అనే పిలవాలి. ఒకరింటి పిల్లలు రెండో ఇంటి పిల్లలకి తోబుట్టువుల లెక్క. ఇద్దరి మధ్య అమ్మకం, కొనడం ఉండదు, ఇచ్చింది పుచ్చుకోవడమే. కులం వేరైనా కట్టుకోవచ్చు. కూర్మమ్మ కొత్త కోడలిగా గంప ఎత్తిన రోజుల్లో ఒక రైతు ఇంటి అరుగు మీద మంచినీళ్ళు అడిగింది. ఆ ఇంటి కోడలూ ఈమెలాగే నిండు చూలాలు. అలా కలిసింది. ఒడ్డు నుంచి కోనాం చేప వెళ్ళేది, ఆ ఇంటి నుంచి కొత్త బియ్యం, నువ్వులు వచ్చేవి.

తర్వాత ఆ ఇంట్లో ఆడపడుచు పెళ్ళి వచ్చింది. పెళ్ళివారు విజయనగరం పట్నం వాళ్ళు. నేస్తం కబురు పంపింది: పొద్దున్న పెళ్ళికి కాదు, జనం పలచబడ్డాక సాయంత్రం రా, తీరిగ్గా కూర్చుందాం అని. కూర్మమ్మ పొద్దునా వెళ్ళలేదు, సాయంత్రమూ వెళ్ళలేదు. పదిహేనేళ్ళు దాటిపోయింది. ఆ వీధి దాటకుండా అమ్మకం సాగదు, అందుకని నోరు మూసుకుని దాటుతుంది. అనూరాధ ఆఖర్న ఒక్క వాక్యంతో ముగించింది: 'దీన్నే కుల వివక్ష అంటారు.'

కుసుమకుమారి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. అనూరాధని పిలిచి అడిగింది. పేర్లు మారుస్తానంటే ఆ పిల్ల సరేనంది. కూర్మమ్మని సీతమ్మ చేసింది. ఊరిని బొబ్బిలి పక్కకి జరిపింది. బోరింగుని నుయ్యి చేసింది, పాలకేంద్రాన్ని బడి చేసింది. కేకని మాత్రం ముట్టుకోలేదు.

క్లాసులో చదివింది. కేక ఆగిన చోట ఆమె కూడా ఒక్క క్షణం ఆగింది. చదవడం వచ్చినవాళ్ళకి ఇలాంటి చోట్ల ఆగడం కూడా వస్తుంది. ఆ నిశ్శబ్దంలో మూడో బెంచీలోని నీలవేణి పెన్ను కింద పెట్టేసిందని ఆమె గమనించింది. పాఠం బాగా నాటుకుందనుకుంది.

మర్నాడు అనూరాధ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు నీలవేణి స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడింది.

"మేడమ్, ఆ వీధి మాదే."

"ఏ వీధి?"

"కేక ఆగిపోద్ది కదా, ఆ వీధి. ఆ నేస్తం మా అమ్మే మేడమ్. ఆ సేపలామె మా వీధిలోకి వచ్చే వేళకి అమ్మ పని మానేసి గుమ్మంలో కూర్చుంటాది. ఆమె ఇటు సూడదు, ఈమె పిలవదు. చిన్నప్పటి నుంచీ సూస్తన్నాను. మీరు ఏ ఊరి పేరు పెట్టినా నాకు తెలిసిపోద్ది."

"అనూరాధని ఏమన్నావు?"

నీలవేణి తల దించుకుంది. "బస్టాపులో అడిగాను. మీ అమ్మ కూర్మమ్మేనా అని. నీకెందుకు అంది. మా అమ్మని కులపిచ్చిదని క్లాసులో సదివించావు, సిగ్గు లేదా అన్నాను. అది ఆటో ఎక్కి ఎల్లిపోయింది."

ఇద్దరు పిల్లలూ రెండేళ్ళుగా ఒకే గదిలో కూర్చుంటున్నారు. తల్లుల మాటలు ఆగిపోయేనాటికి ఇద్దరూ పసివాళ్ళు. ఒకరి ముఖం ఒకరు మరిచిపోయారు. కుసుమకుమారి రోజూ 'సామాజిక సంబంధాల వల' గురించి చెప్పేది. ఆ వల తన ముందు బెంచీల మీదే పరిచి ఉంటే చూసుకోలేదు.

ఆ వారంలోనే ఈశ్వరి వచ్చింది. నీలవేణి తల్లి. పొలం నుంచి అటే వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళు ఇంకా పైకి దోపే ఉన్నాయి.

"ఆ కతలు సెప్పే మేడమ్మెవరు?"

హరిబాబు చాలా ఉత్సాహంగా చెయ్యి చూపించాడు.

"మా ఇంటి సంగతి కాలేజీలో సదివేసినారంట. మా గుంట రెండు రోజులై బువ్వ సరిగా తింటం నేదు. ఏటి సదివినారో నాకూ సదవండి. ఇంటాను."

"అందులో పేర్లు లేవమ్మా," అంది కుసుమకుమారి.

"పేరెందుకమ్మా? మేం పేరెట్టి పిలుసుకుంటే కదా! దాని నోరు మా వీధిలో ఎందుకు మూతపడతాదో ఊరందరికీ ఎరికే. పదిహేనేళ్ళై గుమ్మంలో కూకుని, వినబడని కేక నేనే ఇంటన్నాను. సదవండి."

"ఆ కాగితం నాది కాదు. ఆ పిల్లది. ఆ పిల్ల ఒప్పుకోకుండా చదవకూడదు."

"గదినిండా పిల్లలకి సదివినప్పుడు ఒప్పుకున్నాదా?"

"ఒప్పుకుంది."

"మా నేస్తం ఒప్పుకున్నాదా?"

రాసినవాళ్ళ అనుమతి అడగాలని బోర్డు మీద రాసుకున్న మనిషి, ఎవరి గురించి రాశారో వాళ్ళని అడగాలని ఎప్పుడూ అనుకోలేదు. ఈ సంగతి పదిహేనేళ్ళుగా కూర్మమ్మతో మాట్లాడని మనిషికి తోచింది.

"ఇంకోటి," అంది ఈశ్వరి, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "సాయింత్రం రమ్మన్నానని రాసిందా? రాసుంటాది. ఎందుకన్నానో రాసిందా? ఆ రోజు కన్యాదానం పీటల మీద కూకున్నది నేనే కదా, మా అత్త అప్పటికే పోయింది. పొద్దున్న అదొస్తే ఎవులు సూస్తారు దాన్ని? ఆ పట్నపోళ్ళ ముక్కులు మంచియి కావు. ఎవుడైనా ఒక మాటంటే నేను లెగిసి రాలేను. అందుకే సాయింత్రం రమ్మన్నాను."

"అంటే వాళ్ళ ముక్కులకి మీరు భయపడ్డారు."

"బయపడ్డాను! అయితే ఏటి? నేస్తం అన్నాక వచ్చి అడగాల. జుట్టట్టుకుని అడగాల. అలిగి నోరు మూసుకుంటాదా? అలగడానికి అదేటి నా మొగుడా?"

హరిబాబు ఫక్కున నవ్వాడు. ఈశ్వరి అతని వైపొకసారి చూసేసరికి పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆమె గుమ్మంలో ఆగింది.

"ఆ పిల్ల కాలేజీ మానేసిందంట. మా గుంట సెప్పింది. మా మూలాన దాని పిల్ల సదువు ఆగిపోతే ఆ పాపం ఎవులిది? మీరే తీసుకు రావాల."

ఆదివారం పొద్దున్నే కుసుమకుమారి దిబ్బలపాలెం వెళ్ళింది. చేతిసంచీలో అనూరాధ కాగితం ఉంది. ఏం చెప్పాలో బస్సులో అనుకుంటూనే ఉంది. క్షమాపణ చెప్పి, ఆ వెంటనే చదువు విలువ గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంది. దిగేసరికి ఆ నాలుగు మాటలూ ఆమెకే వెగటు పుట్టించాయి.

ఇసక మీద పాత వలలు పరిచి నెత్తళ్ళు ఆరబోశారు. కూర్మమ్మ చీపురుతో వాటిని తిరగేస్తోంది.

"మా గుంటకి సదువు సెప్పే మేడమ్ గోరా? కూకోండి. ఎక్కడ కూకుంటారు, ఇసకే ఉన్నాది. అది కాలేజీకి ఎల్లనంటాది. ఏటైందంటే సెప్పదు. ఎవుడైనా ఎనకపడతన్నాడేటి?"

"లేదమ్మా. తప్పు నాదే," అంది కుసుమకుమారి. జరిగింది జరిగినట్టు చెప్పింది. చెప్తున్నంతసేపూ కూర్మమ్మ చీపురు ఆడుతూనే ఉంది. కేక సంగతి వచ్చినప్పుడు ఆగింది.

గుడిసె లోపలి నుంచి అనూరాధ బయటికొచ్చింది. నమస్కారం పెట్టలేదు.

"పేర్లు మార్చారు. ఊరు మార్చారు. బోరింగు మార్చారు. కేకెందుకు మార్చలేదు మేడమ్?"

కుసుమకుమారి దగ్గర సమాధానాలు లేకపోలేదు. వాస్తవాన్ని మరీ మారిస్తే పాఠం పోతుందని చెప్పొచ్చు. అనుభవం యథాతథంగా ఉండాలనొచ్చు. సెమినార్లలో అలాంటి మాటలకి తలలూపుతారు.

"బాగుందని," అంది.

"బాగుందని మా అమ్మ నోరు తీసుకెళ్ళి క్లాసులో పెట్టేశారు."

"అవును."

పోట్లాటకి వచ్చిన పిల్ల చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చున్నీ ముడేసుకుంది.

"నోరు మూసుకుని నడిసానని రాసిందా?" అంది కూర్మమ్మ, కూతురిని చూసి. "గొంతు ఆరిపోద్దని సెప్పేను కదే, అది రాయలేకపోనావా?"

"రాశాను. నువ్వు తిట్టావని కూడా రాశాను."

"సివర్న ఏటి రాసినావు?"

"కుల వివక్ష అని."

కూర్మమ్మ నెత్తళ్ళ మీద వాలబోయిన కాకిని అదిలించింది.

"కులం కాదేటి మరి?" అంది అనూరాధ.

"కులం కాదని నానన్నానా? ఆ పట్నపోళ్ళది కులమే. ఆళ్ళెవులు నాకు? ఆళ్ళ మీద నాకు కోపం నేదు. దాని మీద కోపం. అది నాకు నేస్తం కట్టి, ఆళ్ళకి బయపడింది."

"ఆ భయం కూడా కులమేనమ్మా," అంది కుసుమకుమారి. ఆ మాట మానుకోవడం ఆమె వల్ల కాలేదు. అది ఆమె సబ్జెక్టు, పైగా నిజం కూడా.

"మీ పుస్తకంలో అలగుంటే అలగే రాసుకోండి. నాకు దాని మీదే కోపం." కూర్మమ్మ మళ్ళీ చీపురు అందుకుంది. రెండుసార్లు ఆడించి, ఏమీ పట్టనట్టు అడిగింది: "కాలేజీకి వచ్చిందన్నారు కదా. ఏటన్నాది నా నేస్తం?"

కుసుమకుమారికి ఈశ్వరి మాటలన్నీ నోటి చివర ఉన్నాయి. పీటల సంగతి, ముక్కుల సంగతి, జుట్టు పట్టుకుని అడగాలన్న సంగతి. చెప్పేస్తే బాగుంటుంది. కేక విషయంలో కూడా అలాగే బాగుంటుందనుకుంది.

"అది ఆవిడే చెప్పాలి. ఒకరి మాట ఇంకొకరి దగ్గరికి ఒకసారి మోశాను. ఇంక మొయ్యను."

"ఈ ఒక్కటే మీరు సరిగ్గా సేసినారు," అంది కూర్మమ్మ, నవ్వకుండా.

కుసుమకుమారి సంచీలోంచి కాగితం తీసి అనూరాధకి ఇచ్చేసింది. అనూరాధ తీసుకుంది. సోమవారం వస్తావా అని అడగాలని ఉన్నా ఆమె అడగలేదు.

సోమవారం అనూరాధ రాలేదు.

తర్వాత రెండు వారాలు కుసుమకుమారి పాఠ్యపుస్తకం చదివించింది. నవలలు బీరువాలోకి వెళ్ళాయి. పిల్లలు నిర్వచనాలు రాసుకున్నారు. క్లాసు ఎంత క్రమశిక్షణగా ఉందంటే, వరండాలో వెళ్తున్న ప్రిన్సిపాల్ ఆగి సంతోషంగా తలాడించి వెళ్ళాడు. వెనక బెంచీలో అనూరాధ చోటు ఖాళీగానే ఉంది. పాఠం చెబుతున్నంతసేపూ కుసుమకుమారి కళ్ళు అటు వెళ్ళి, మళ్ళీ పుస్తకంలోకి వచ్చేవి.

"ఏటి మేడమ్, సీరియల్ ఆపేశారా?" అన్నాడు హరిబాబు. వెక్కిరింపు లేదు ఆ గొంతులో. "మీ క్లాసు నుంచి వచ్చిన పిల్లలు ఇదివరకు హుషారుగా ఉండేవాళ్ళు. ఇప్పుడు నా క్లాసుకి వచ్చేసరికే నిద్రపోతున్నారు. ఇద్దరం కలిసి నిద్రపుచ్చితే పిల్లలేమైపోతారండీ?"

ఒక బుధవారం, ఆమె 'పొరుగు సంబంధాలు' అనే పేజీ తీయమంటుండగా నీలవేణి లేచి నిలబడింది.

"మేడమ్, నిన్న మా వీధిలో కేక వినబడింది."

క్లాసులో సగం తలలు లేచాయి. ఆ కేక ఎవరిదో అప్పటికే అందరికీ తెలిసిపోయింది. సీతమ్మని, బొబ్బిలిని ఎవరూ ఒక్క పూట కూడా నమ్మలేదు.

"బోరింగు దగ్గర ఆగలేదు మేడమ్. మా ఇంటి ముందుకి వచ్చేసింది. మా అమ్మ గుమ్మంలోనే ఉంది. ఎవరో తెలీనట్టు, 'ఏయ్ సేపలమ్మీ, నెత్తళ్ళెలాగ?' అంది."

"అయ్యో!" అన్నారెవరో. నేస్తాన్ని ధర అడగడమంటే చెంప మీద కొట్టినట్టే. అక్కడి పిల్లలకి అది ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఆమేం చేసింది?" అంది కుసుమకుమారి. పుస్తకం మూసేసిన సంగతి ఆమెకే తెలియదు.

"గంప దించింది మేడమ్. దించి, రెట్టింపు ధర చెప్పింది."

"తప్పు మేడమ్."

గుమ్మంలో అనూరాధ నిలబడి ఉంది. బస్సు దిగి పరిగెత్తుకొచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. "మా అమ్మ అందరికీ చెప్పిన ధరే చెప్పింది. సగానికి అడిగింది వాళ్ళమ్మ."

"సగానికి కాదు, కొంచెం తగ్గించమంది!"

"నువ్వు ఇంట్లో ఉన్నావా అప్పుడు?"

"కిటికీలోంచి సూశాను. నువ్వున్నావేటి?"

"మా అమ్మ ఇంటికొచ్చి రాత్రంతా అదే చెప్పింది. పదిహేనేళ్ళ కిందట సాయంత్రం రమ్మన్నదానివి, ఈ రోజు సగం ధరకి రమ్మంటావా అని అడిగిందట."

"ఆ మాటకి మా అమ్మ, పదిహేనేళ్ళు మూసుకున్న నోరు నెత్తళ్ళ కోసం తెరిచావా అంది. వీధంతా బయటికొచ్చేసింది మేడమ్. మా నాన్న పొలం నుంచొచ్చి గేటు దగ్గరే నిలబడిపోయాడు, లోపలికి రాడానికి భయమేసి."

"కూర్చో," అంది కుసుమకుమారి అనూరాధతో. ఆ పిల్ల వెనక బెంచీ దాకా వెళ్ళలేదు. నీలవేణిని దగ్గర్నుంచి ఖండించడానికి వీలుగా మూడో బెంచీలోనే కూర్చుంది.

"చివరికి ఎంతకి కొన్నారు?" అన్నాడు వినోద్, మిల్లు యజమాని కొడుకు.

"కొనలేదు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"పొద్దు కూకిపోయింది," అంది నీలవేణి. "మళ్ళీ వారం వస్తానని గంప ఎత్తుకుంది. మా అమ్మే ఎత్తింది గంప, ఒక్కర్తీ ఎత్తుకోలేదు కదా."

"మళ్ళీ వారం వస్తానందా?"

"బేరం తేలలేదు కదా మేడమ్," అంది అనూరాధ.

కుసుమకుమారి చేతిలోకి సుద్దముక్క వచ్చేసింది. కానుకలు, మార్పిడి, సంత, బంధుత్వం. ఒక్కో మాటకీ పుస్తకంలో ఒక్కో అధ్యాయం ఉంది, ఈ ఇద్దరు ఆడవాళ్ళు ఒక్క సాయంత్రం అరుగు మీద అన్నిటినీ కలిపేశారు. బోర్డు వైపు తిరిగి, చెయ్యెత్తి, ఆగింది. వెనక్కి తిరిగి చూసింది.

"రాయనా?"

అనూరాధ నీలవేణి వైపు చూసింది.

"మమ్మల్ని అడిగితే ఎలా మేడమ్? అమ్మల్ని అడగాలి," అంది నీలవేణి.

"అడిగి రండి," అంది కుసుమకుమారి. సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది.

మర్నాడు ఇద్దరూ జవాబులు తెచ్చారు.

"రాసుకోమంది మేడమ్," అంది నీలవేణి. "కాకపోతే ముందు మాట్లాడింది ఆమేనని రాయాలంట. కేక వేసింది ఆమే కదా, అదే మొదటి మాటంట."

"మా అమ్మ కూడా రాసుకోమంది," అంది అనూరాధ. "కానీ ముందు మాట్లాడింది వాళ్ళమ్మేనని రాయాలట. కేక ఊరందరికీ వేస్తాను, అది దానికొక్కదానికే వేసిందా అంటోంది. నెత్తళ్ళెలాగ అన్నదే మొదటి మాటట."

క్లాసు రెండు పక్షాలైపోయింది. కేక మాటే అని కొందరు, కేక అమ్మకం మాత్రమేనని కొందరు. పదిహేనేళ్ళు వెయ్యని చోట వేసిన కేక ఊరందరికీ ఎలా అవుతుందని వినోద్ లేచాడు. ధర అడగడం మాటాడటమైతే రోజూ బజార్లో అందరం అందరికీ నేస్తాలమేనా అని ఇంకెవరో అరిచారు. వాదన మధ్యలో గంట కొట్టిన సంగతి ఎవరూ పట్టించుకోలేదు. హరిబాబు తన పుస్తకాలతో గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, నా పీరియడు."

"ఒక్క నిమిషం సార్. బేరం మధ్యలో ఉన్నాం."

"బేరమా?" హరిబాబు లోపలికొచ్చి మొదటి బెంచీ చివర కూర్చున్నాడు. "అయితే అది నా సబ్జెక్టు. ముందెవరు ధర చెప్పారో అక్కడి నుంచి చెప్పండి."

అనూరాధా నీలవేణీ ఇద్దరూ ఒకేసారి లేచారు.